కొరియా ఎదిగింది నియంత వల్లేనా?

"మన దేశం బాగుపడాలంటే ఓ పదేళ్ళు గట్టి నియంత కావాలి" అనే మాట మీరు టీ కొట్టు దగ్గరో, ఇంట్లోనో వినే ఉంటారు. దాని వెనకే ఒక ఉదాహరణ వస్తుంది: "దక్షిణ కొరియాను చూడు!" సరే, ఈరోజు చూద్దాం.

1960లో కొరియా తలసరి ఆదాయం ఏడాదికి 160 డాలర్ల లోపే. ఫిలిప్పీన్స్ వాళ్ళకంటే మెరుగ్గా ఉండేది. 1950 నుంచి 53 దాకా జరిగిన యుద్ధంలో రాజధాని సియోల్ నాలుగుసార్లు చేతులు మారింది. అలాంటి దేశంలో ఇవాళ తలసరి ఆదాయం 30,000 డాలర్లు దాటింది.

1961లో పార్క్ చుంగ్ హీ సైనిక తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చాడు. నియంత వల్లే అనేవాళ్ళు కథని ఇక్కడ మొదలుపెడతారు. నేను మాత్రం ఇంకో పన్నెండేళ్ళు వెనక్కి వెళ్తాను.

అప్పట్లో కొరియా రైతుల్లో చాలామంది కౌలుదార్లు. పండినదాంట్లో సగం దాకా భూస్వామికే పోయేది. 1946లో ఉత్తర కొరియా భూమిని ఉచితంగా పంచేసింది. దాంతో దక్షిణాదిలో పాలకులకి భయం పట్టుకుంది. 1949లో చట్టం చేసి, 1950లో అమలు మొదలుపెట్టారు. కుటుంబానికి సుమారు 3 హెక్టార్లు, అంటే ఏడున్నర ఎకరాలే పరిమితి. ఏడాది పంటకి ఒకటిన్నర రెట్లు ధర, ఐదేళ్ళలో వాయిదాలుగా కట్టాలి. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మన తెలంగాణలో భూమి కోసం సాయుధ పోరాటం నడుస్తోందని గుర్తుపెట్టుకోండి. మన ఆంధ్రప్రదేశ్‌లో గట్టి భూపరిమితి చట్టం 1973లో వచ్చింది. అప్పటికే ఎంతో భూమి బినామీ పేర్లలోకి వెళ్ళిపోయింది.

భూమి పంచితే ఏమవుతుంది? కౌలుకి పోయే ధాన్యం ఇంట్లో మిగులుతుంది. ఆ మిగులుతో పిల్లలు బడికి వెళ్తారు. 1945లో కొరియాలో పెద్దవాళ్ళలో ఎక్కువమందికి చదవడం రాదు. 1960 కల్లా దాదాపు పిల్లలందరూ ప్రైమరీ స్కూల్లో ఉన్నారు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు పని నేర్చుకుని నిలబడింది ఈ పిల్లలే. పార్క్ రాకముందే పునాది పడిపోయింది.

మరి పార్క్ ఏమీ చేయలేదా? చేశాడు. బ్యాంకుల్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకుని, ఎగుమతి చేసే కంపెనీలకి తక్కువ వడ్డీకి అప్పులిప్పించాడు. ప్రతినెలా ఎగుమతుల మీద మీటింగ్ పెట్టి తనే కూర్చునేవాడు. 1964లో ఎగుమతులు 10 కోట్ల డాలర్లు: ప్లైవుడ్, బట్టలు, విగ్గులు. 1977కి అవి 1,000 కోట్ల డాలర్లు!

ఇక్కడ కిటుకు అప్పులో లేదు, షరతులో ఉంది. మనమూ మన కంపెనీలకి రక్షణ ఇచ్చాం. కానీ బయట అమ్మి చూపించమని గట్టిగా అడగలేదు. అందుకే అంబాసిడర్ కారు దశాబ్దాలపాటు దాదాపు ఒకే రూపంలో వచ్చింది. హ్యుండాయ్ 1975లో మిత్సుబిషి ఇంజిన్‌తో, ఇటలీ డిజైన్‌తో పోనీ కారు చేసి, మరుసటి ఏడాదే విదేశాలకి పంపింది. స్వదేశంలో కొనేవాడికి వేరే దారి లేకపోవచ్చు, విదేశంలో కొనేవాడు మొహమాటపడడు కదా. అలా దెబ్బలు తింటూనే నేర్చుకున్నారు.

ఆ వేగానికి ధర ఎవరు కట్టారో కూడా చెప్పాలి. సియోల్ బట్టల షాపుల్లో చిన్నచిన్న ఆడపిల్లలు గాలాడని గదుల్లో రోజుకి 14 గంటలు కుట్టేవాళ్ళు. కార్మిక చట్టం ఉంది, అమలు లేదు. చాన్ థే ఇల్ అనే 22 ఏళ్ళ కుర్రాడు అధికారుల చుట్టూ తిరిగి తిరిగి, 1970 నవంబర్ 13న నిప్పంటించుకుని చనిపోయాడు. గ్రోత్ రేట్ గ్రాఫ్‌లో ఈ పేరు కనిపించదు.

ఇప్పుడు అసలు పరీక్ష. నియంత ఉంటే చాలు అనుకుంటే, ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ 1965 నుంచి 86 దాకా పాలించాడు. భూమి పెద్ద కుటుంబాల దగ్గరే ఉండిపోయింది, 1983లో దేశం అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. జైర్‌లో మొబుటు 32 ఏళ్ళు ఉన్నాడు, దేశాన్ని గుల్ల చేశాడు. కొరియాలోనేమో 1987లో జనం రోడ్డెక్కి నేరుగా ఓటేసే ఎన్నికలు తెచ్చుకున్నారు. ఎదుగుదల ఆగిందా? లేదు. 10,000 డాలర్లు దాటిందీ, 30,000 దాటిందీ ప్రజాస్వామ్యంలోనే.

కాబట్టి నా లెక్క ఇది: దున్నేవాడికి భూమి, పిల్లలందరికీ బడి, సాయం తీసుకున్న కంపెనీకి కఠినమైన షరతు. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ నియంత అవసరం లేదు.

1944లో సైకిల్ పార్టులతో మొదలైన కొరియా కంపెనీ కియా. 2019 నుంచి మన పెనుకొండ దగ్గర కార్లు చేస్తోంది. ఉద్యోగాలు ఎన్ని వచ్చాయని అందరం అడుగుతాం. అడగాల్సిందే. కానీ దాంతోపాటు మనవాళ్ళు అక్కడ ఏం నేర్చుకుంటున్నారు, రేపు సొంతంగా ఏం చేయగలరు అని కూడా అడగండి. కొరియా వాళ్ళు అడిగింది ఆ ప్రశ్నే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.