సాక్రమెంటో మన కోనసీమలో కూడా ఉంది: కాట్రేనికోన మడ అడవి కథ

ఈ ఎపిసోడ్‌లో మనం కాట్రేనికోన వెళ్తున్నాం.

కోనసీమ అని టైప్ చేస్తే మీ ఫోన్‌లో ఏమొస్తుంది? కొబ్బరి తోట, కాలవ గట్టు, ఒక పడవ, వెనకాల ఒక పాట. అంతే కదా? ఆ కొబ్బరి చెట్లు అయిపోయి, తారు రోడ్డు ఆగిపోయిన చోట ఇంకో కోనసీమ మొదలవుతుంది. అక్కడ నేల మెత్తగా ఉంటుంది, నీళ్లు ఉప్పగా ఉంటాయి. రోజుకి రెండుసార్లు పోటు వచ్చి, రెండుసార్లు ఆటు తీస్తుంది. అక్కడ పెరిగేది మడ అడవి. ఈ రోజు ఆ అడవి చరిత్ర చెప్పుకుందాం.

ముందు ఒక ఓడ సంగతి. అమెరికాలో సాక్రమెంటో అనే ఊరు ఉంది, కాలిఫోర్నియా రాజధాని. మనోళ్లు చాలామంది అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. అదే పేరుతో మన గోదావరి ముఖద్వారం దగ్గర ఒక ఇసుక దిబ్బ, ఒక లైట్‌హౌస్ ఉన్నాయని మీలో ఎంతమందికి తెలుసు?

1867 జూన్ 19. సాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక బంగాళాఖాతంలో ప్రయాణిస్తోంది. వాళ్ల దేశంలో జరిగిన అంతర్యుద్ధంలో పనిచేసిన ఓడ అది. కెప్టెన్ పేరు నెపోలియన్ కాలిన్స్. గోదావరి సముద్రంలో కలిసే చోటికి వచ్చేసరికి నీటి కింద ఉన్న మేటలకి తగులుకుని అక్కడే బద్దలైపోయింది. మనుషులందరూ బయటపడ్డారు. ఓడ మాత్రం దక్కలేదు. పేరు మన తీరానికి మిగిలిపోయింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఈ తీరం గురించి అర్థం చేసుకోవాల్సిన మొదటి విషయం ఇందులోనే ఉంది. ఇక్కడ భూమి ఎక్కడ అయిపోయింది, సముద్రం ఎక్కడ మొదలైంది అని గీత గీసి చెప్పలేం. గోదావరి నాసిక్ వైపు కొండల్లో పుట్టి, దాదాపు 1465 కిలోమీటర్లు నడిచి, దారంతా మట్టి మోసుకొచ్చి ఇక్కడ దింపుతుంది. ఆ మట్టితోనే కోనసీమ తయారైంది. మన పెద్దవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఊళ్ల పేర్లే చూడండి. ఏటి మధ్య లేచిన నేల లంక. నీళ్ల మధ్య మెరకగా నిలిచింది తిప్ప. పల్లంలో ఉన్న ఊరు పేరు పల్లమే. కాట్రేనికోన మండలం మ్యాప్ తెరవండి, బలుసుతిప్ప, మగసానితిప్ప, పల్లం, అన్నీ కనిపిస్తాయి. మగసానితిప్పకి వెళ్లాలంటే పడవే దారి.

ఇప్పుడు ఈ మెత్తటి నేలని పట్టుకుని ఉంచేది ఎవరు? మడ చెట్టు.

మామూలు చెట్టుని తీసుకెళ్లి ఉప్పు బురదలో పాతితే చచ్చిపోతుంది. వేర్లకి గాలి ఆడదు. మడ చెట్టు ఏం చేస్తుందంటే, బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేర్లని పైకి పంపిస్తుంది. ఆటు తీసినప్పుడు ఆ వేర్లు గాలి పీల్చుకుంటాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ఆకుల మీదికి నెట్టేస్తుంది. పొన్న చెట్టయితే కాండం నుంచి గొడుగు ఊచల్లాగా వేర్లు దింపి నిలబడుతుంది. ఈ వేర్ల సందుల్లో నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే అందులో ఉన్న ఒండ్రు కిందకి దిగుతుంది. అంటే గోదావరి తెచ్చిన మట్టిని సముద్రంలోకి పోనివ్వకుండా ఆపే జల్లెడ అది. ఆ సందుల్లోనే చేప పిల్లలు, పీతలు, రొయ్యలు పెరుగుతాయి. తెల్ల మడ, నల్ల మడ, పొన్న, తిల్ల... ఇలా ఒక్కో చెట్టుకి ఒక్కో గుణం. తిల్ల పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, అందుకే ఆ చెట్టు జోలికి జాగ్రత్తగా వెళ్తారు.

ఇక చరిత్రలోకి వద్దాం. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టారు, 1852కి పూర్తయింది. కాలవలు తవ్వారు. కరువు చూసిన డెల్టా అన్నపూర్ణ అయింది. ఇదంతా మనం స్కూల్లో చదువుకున్నదే. కానీ ఆ కాలవ నీళ్లు చివరి దాకా వచ్చి, సముద్రపు పోటు తగిలే చోట ఆగిపోయాయి. ఆ గీతకి ఇటు వరి, కొబ్బరి. అటు మడ. ఇటువైపు నేలకి విలువ కట్టారు. అటువైపు నేలని కొందరు ఉప్పు నేల అన్నారు, కొందరు బంజరు అన్నారు. వేటకెళ్లే మత్స్యకారులకి మాత్రం అదే బతుకు. పొయ్యిలోకి పుల్ల, ఇంటికి వాసం, వలలోకి పీత, అన్నీ అక్కడివే.

ప్రభుత్వం ఈ అడవుల్ని రిజర్వు ఫారెస్టులుగా ప్రకటించింది. కాట్రేనికోన వైపు కందికుప్ప, బలుసుతిప్ప లాంటివి అందులో ఉన్నాయి. ఆ తర్వాత 1978లో కోరింగ వన్యప్రాణి అభయారణ్యం వచ్చింది. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. మీరు రీల్స్‌లో చూసే చెక్క వంతెన, బోటు షికారు, అవన్నీ అక్కడివే. అయితే కోరింగ, కోరింగ ఎక్స్‌టెన్షన్, భైరవపాలెం, ఈ మూడు రిజర్వు ఫారెస్టులే ఆ అభయారణ్యంలో ఉన్నాయి. కందికుప్ప, బలుసుతిప్ప వైపు అడవి దాని బయట ఉండిపోయింది. అదే గోదావరి, అదే పోటు, అదే మడ. ఒక ముక్కకి అభయారణ్యం బోర్డు ఉంది, ఇంకో ముక్కకి లేదు. రాత్రిపూట చేపల కోసం తిరిగే బావురు పిల్లికి ఈ సరిహద్దు ఏం తెలుస్తుంది చెప్పండి?

తర్వాత రొయ్య వచ్చింది.

1990ల మొదట్లో టైగర్ రొయ్యకి విదేశాల్లో మంచి ధర పలికింది. తీరం పొడవునా చెరువులు తవ్వారు. వరి చేలు చెరువులయ్యాయి, ఉప్పు నేలలు చెరువులయ్యాయి, కొన్నిచోట్ల మడ అడవి అంచులూ చెరువులయ్యాయి. ఇక్కడ రైతుని విలన్ చేసి మాట్లాడటం చాలా తేలిక. నేను ఆ పని చేయను. ఉప్పు తేలిన నేలలో వరి వేసి ఏటా నష్టపోయేవాడికి రొయ్య ఒక దారి చూపించింది. అప్పులు తీరాయి, పెళ్లిళ్లు జరిగాయి. ఈ వీడియో చూస్తున్న బీటెక్ వాళ్లలో కొందరి ఫీజులు కూడా ఆ చెరువుల్లోంచే వచ్చి ఉంటాయి. కాకపోతే ఆ లెక్కలో ఒక ఖర్చు ఎవరూ రాయలేదు. గట్టు వేసి పోటు నీటిని ఆపేస్తే, ఆ వెనక ఉన్న మడ కూడా ఎండిపోతుంది.

1996 నవంబర్ 6. మీ ఇంట్లో నలభై ఐదేళ్లు దాటిన వాళ్లెవరైనా ఉంటే ఈ తేదీ చెప్పి చూడండి. ఆ రాత్రి తుఫాను కాకినాడకి దాదాపు 50 కిలోమీటర్ల దక్షిణాన తీరం దాటింది. అంటే సరిగ్గా ఈ ప్రాంతం మీద. తీర గ్రామాల మీదికి రెండు మూడు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు వెయ్యి మంది చనిపోయారు, ఇంకో వెయ్యి మందికి పైగా గల్లంతయ్యారు. వేటకెళ్లిన వాళ్లు చాలామంది తిరిగి రాలేదు. లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి. కొబ్బరి చెట్లు లెక్కలేనన్ని పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడ్డానికి ఏళ్లు పడుతుంది. అంటే ఆ ఒక్క రాత్రి చాలా కుటుంబాలకి ముందు ముందు వచ్చే ఆదాయాన్ని కూడా తీసుకుపోయింది.

సరిగ్గా 35 రోజులకి, 1996 డిసెంబర్ 11న, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తమిళనాడుకి చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసు అది. సముద్ర తీర నియంత్రణ మండలిలో ఉన్న రొయ్యల చెరువుల్ని తొలగించమంది కోర్టు. పాత సంప్రదాయ పద్ధతుల్లో చేసేవాటిని మాత్రం వదిలేసింది. దేశమంతా గగ్గోలు. చివరికి 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది. తొలగించడం పోయి రిజిస్ట్రేషన్లు, షరతులు వచ్చాయి. రొయ్య ఉండిపోయింది.

మరి అడవి? దానికీ ఒక మంచి మలుపు ఉంది. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల జనం కలిసి గోదావరి మడల్లో పని మొదలుపెట్టారు. వాళ్లు గమనించింది చాలా చిన్న విషయం. గతంలో కూపులు వేసి చెట్లన్నీ ఒకేసారి నరికిన చోట నేల ఎండి, కుంగి, మూకుడులా అయిపోయింది. పోటు నీళ్లు లోపలికి వచ్చి బయటికి పోలేక అక్కడే నిలిచిపోతున్నాయి. ఎండకి నీళ్లు ఆవిరై ఉప్పు మిగులుతోంది. అలాంటి చోట ఎన్ని మొక్కలు నాటినా బతకవు. అందుకని ముందు కాలవలు తవ్వారు. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలవలు, చేప ముల్లులాగా. పోటు రావడం, పోవడం మళ్లీ మొదలైంది. ఉప్పు తగ్గింది. అప్పుడు మొక్కలు నాటారు. వందల ఎకరాల్లో మడ మళ్లీ పచ్చబడింది.

నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే. నేను కోడ్ రాసే ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక మాట అనుకునేవాళ్లం, లక్షణాన్ని కాదు, మూలాన్ని సరిచెయ్యాలి అని. మొక్క చచ్చిపోతే ఇంకో మొక్క నాటడం లక్షణానికి మందు. నీళ్ల దారి తెరవడం మూలానికి మందు.

"సరే బ్రో, మడ ఉంటే నిజంగా తుఫాను ఆగుతుందా?" అని మీరు అడగొచ్చు. ఆగదు. గాలి ఆగదు. కానీ ఉప్పెన దెబ్బ తగ్గుతుంది. దీనికి లెక్క ఉంది. 1999 అక్టోబర్‌లో ఒడిశాని సూపర్ సైక్లోన్ కొట్టింది. కేంద్రపడా జిల్లాలో కొన్ని వందల గ్రామాల్లో మరణాల లెక్కలు తీసి, 2009లో ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. తమకి, సముద్రానికి మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువ. అడవి సన్నగా ఉన్నచోట, అసలు లేనిచోట ఎక్కువ. ఇంకో మాట కూడా వాళ్లే చెప్పారు. ముందస్తు హెచ్చరికలు ఇంకా ఎక్కువ ప్రాణాలు కాపాడాయి. కాబట్టి ఫోన్‌కి వచ్చే అలర్ట్ కావాలి, షెల్టర్ కావాలి, అడవీ కావాలి. ఒకటి ఉందని ఇంకోటి వదిలేయడానికి లేదు.

ఇప్పుడు అసలు సమస్యకి వద్దాం. గోదావరి తెచ్చే మట్టి తగ్గిపోయింది. 1970లలో ఏటా సగటున 150 మిలియన్ టన్నుల దాకా ఒండ్రు వచ్చేది. 2000 నుంచి 2006 మధ్య అది 57 మిలియన్ టన్నులకి పడిపోయిందని పరిశోధకులు లెక్క తేల్చారు. పైన కట్టిన ఆనకట్టల వెనక మట్టి ఆగిపోతోంది. అన్నం తగ్గిన మనిషి చిక్కిపోయినట్టు డెల్టా చిక్కిపోతోంది. చాలాచోట్ల సముద్రం ముందుకు వస్తోంది.

సముద్రం ముందుకొస్తే మడ అడవి ఏం చేస్తుంది? వెనక్కి నడుస్తుంది. అవును, అడవి నడుస్తుంది. విత్తనాలు పోటు నీళ్లలో తేలి, లోపల మెత్తటి నేల దొరికిన చోట నాటుకుంటాయి. వేల ఏళ్లుగా ఈ తీరంలో అది చేసింది ఇదే. కానీ ఇప్పుడు వెనక ఏముంది? చెరువు గట్టు. ముందు సముద్రం, వెనక గట్టు, మధ్యలో ఇరుక్కున్న అడవి. అది సన్నబడేకొద్దీ దాని వెనకున్న ఊళ్లకి ఉప్పెన దగ్గరవుతుంది.

అందుకే నా ఉద్దేశంలో ఇక్కడ కాపాడాల్సింది చెట్లని మాత్రమే కాదు, చెట్లు కదిలే జాగాని కూడా. పాడుబడి, పంట ఆపేసిన చెరువులు తీరంలో ఉంటాయి. వాటి గట్లకి గండి కొట్టి పోటు నీళ్లని లోపలికి రానిస్తే, మడ తనంతట తనే వచ్చే అవకాశం ఉంటుంది. ఆ నేల మీద హక్కున్న రైతుకి పరిహారం ఇవ్వాలి, ఊరి వాళ్లని అడిగి చెయ్యాలి. ఖర్చుంటుంది. కానీ 96 నవంబర్ ఖర్చు ముందు పెట్టి చూడండి.

మీ చేతిలో ఉన్న ఫోన్‌తో రెండు పనులు చెయ్యొచ్చు. ఒకటి, గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ తెరిచి గోదావరి ముఖద్వారం దగ్గరికి వెళ్లండి. 1984 నుంచి ఏడాదికి ఒక బొమ్మ. తిప్పలు పుట్టడం, తీరం తినేయడం, చెరువులు పరుచుకోవడం మీ కళ్లతో మీరే చూస్తారు. రెండు, మీ అమ్మమ్మనో, తాతయ్యనో, మీ వీధిలో వేటకెళ్లే బాబాయినో కూర్చోబెట్టి ఆ నవంబర్ రాత్రి గురించి అడిగి, వాళ్ల గొంతు రికార్డు చెయ్యండి. ఈ తీరం చరిత్ర పుస్తకాల్లో కన్నా వాళ్ల నోట్లోనే ఎక్కువ ఉంది.

ఎప్పుడైనా అటు వెళ్తే అటవీ శాఖ అనుమతి తీసుకుని, లోకల్ పడవ వాళ్లతోనే వెళ్లండి. పోటు, ఆటు లెక్క వాళ్లకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలీదు. చలికాలం చివర్లో, వేసవి మొదట్లో ఆ ఇసుక మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట వాటి ముందు ఫ్లాష్ కొట్టకండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.