బాడుగింటి గడప ముందు

బాడుగ ఇళ్ళ చరిత్ర రాసేవాళ్ళు రెండు విషయాలు పట్టించుకుంటారు: బాడుగ ఎంత పెరిగింది, ఇల్లు ఖాళీ చేయించడం ఎంత సులువు అని. అసలు ఇల్లు ఎవరికి ఇవ్వరు అన్న మూడో విషయం చాలాసార్లు వదిలేస్తారు. ఒంటరి ఆడవాళ్ళ చరిత్ర మొదలయ్యేది అక్కడే.

బదిలీ మీద మడకశిర వచ్చి, ఊరి చివర కాలనీలో ఇల్లు వెతికాను. కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టుండే ప్రాంతమిది. తెలుగూ కన్నడమూ కలిసే వినిపిస్తాయి. ఏ భాషలోనైనా గడప దగ్గర ప్రశ్నలు మాత్రం రెండే. "మీరేమట్లు మేడం?" కులం అన్న మాట నోట రాకుండానే కులం అడగడం అది. తర్వాత "మీ ఇంటాయన యాడుంటాడు?" విడిపోయామన్నాను. "ఫ్యామిలీకే ఇస్తామమ్మా, ఏమనుకోవద్దు." నేనూ నా కూతురూ కలిస్తే ఫ్యామిలీ కాదన్నమాట!

మొదటి ప్రశ్నకి చట్టం దగ్గర జవాబుంది. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టానికి 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారింది. అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండనివ్వకపోవడం దాని ప్రకారం నేరం. నేరం కనుక ఎవరూ కారణం చెప్పరు. "మా చుట్టాలొస్తున్నారు" అంటారు.

రెండో ప్రశ్నకి అలాంటి సెక్షను లేదు. 1960లో ఆంధ్రప్రదేశ్ చేసిన అద్దె నియంత్రణ చట్టం న్యాయమైన బాడుగ గురించీ, ఖాళీ చేయించే కారణాల గురించీ మాట్లాడింది. అదీ జంటనగరాలకీ మున్సిపాలిటీలకే. చాలాకాలం పంచాయతీగానే ఉన్న మడకశిర లాంటి ఊళ్ళకి మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ బాడుగైతే పదిహేను రోజుల నోటీసు చాలు. నోటిమాట మీద చేరిన ఆడమనిషికి ఆ నోటీసు కూడా నోటిమాటే. "రేపు ఖాళీ చెయ్యండి", అంతే.

2005 గృహహింస చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. భార్యాభర్తలు కాపురమున్న బాడుగిల్లు కూడా ఆమె ఇల్లేనంది. వేరే ఇల్లు చూపించమనో, దానికి బాడుగ కట్టమనో కోర్టు భర్తని ఆదేశించవచ్చు. కానీ ఆ ఇల్లు ఇచ్చే ఓనరుని ఎవరు ఆదేశిస్తారు?

చివరికి నాకు ఇల్లు ఇచ్చింది ఒక పెద్దామె. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. అయినా "మా అబ్బాయిని అడిగి చెప్తానమ్మా" అంది. షరతులూ ఆ అబ్బాయివే: రాత్రి తొమ్మిదికి గేటు మూయాలి, మగవాళ్ళెవరూ రాకూడదు, బోరు మోటారు పొద్దున ఒక గంటే. ఈ కరువు సీమలో నీళ్ళ గంట చేతిలో ఉన్నవాడే యజమాని. "ఈ ఏరియా చాలా ప్రశాంతం మేడం" అన్నాడతను. నిజమే. ఆ ప్రశాంతతలో ఎవరింటికి ఎవరొచ్చారో వీధంతటికీ తెలుస్తుంది.

పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన వాటా దేశమంతటికీ 2005లో వస్తే, మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ళపట్టాల పంపిణీలో పట్టాలు ఆడవాళ్ళ పేరునే ఇచ్చారు. ఇల్లు మన పేరున రాయించుకునేదాకా వచ్చాం. ఆ ఇంటి తాళం ఎవరి చేతికివ్వాలో ఎవరినీ అడగకుండా మనమే చెప్పగలిగే రోజు ఇంకా రావాలి. ఆ రోజు గడప ముందు నిలబడ్డ ఇంకో ఆడమనిషిని ఆ రెండు ప్రశ్నలూ అడగకుండా ఉండటం కూడా మన చేతిలో పనే.