నాచారం షెడ్డులోని ఎం.జి. కారు

మన సంఘంలోని పాత సభ్యులకు నాచారం మిత్రుడి చిన్న ఎర్రకారు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇద్దరు మాత్రమే కూర్చోగల, గుడ్డ టాపు గల 1952 నాటి ఎం.జి. టి.డి. ఉప్పల్ రోడ్డు మీద అది వెళుతుంటే సైకిళ్ళ వాళ్ళు ఆగి చూసేవారు. ఆయన పోయిన తరువాత 2022లో దానిని అమ్మవలసి వచ్చింది. "అన్నయ్యగారూ, మీరు దగ్గరుండి చూడండి" అని వదినగారు అన్నందున ఆ పని నా మీద పడింది. అప్పుడు తెలిసిన సంగతులు నలుగురికీ పనికివస్తాయని వ్రాస్తున్నాను.

ఈ బండ్లు ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1949 చివరి నుండి 1953 వరకు తయారయ్యాయి. మొత్తం సుమారు 29,600. వాటిలో 23,000కు పైగా అమెరికాకే పోయాయి. యుద్ధంతో చితికిన బ్రిటనుకు అప్పుడు డాలర్లు కావాలి మరి! మన దేశానికి వచ్చినవి బహు స్వల్పం. ఆ తరువాత దారి కూడా మూసుకుపోయింది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక దరిమిలా, ఇక్కడ స్వంతంగా తయారు చేసే ఉద్దేశం లేని కంపెనీలకు చోటు లేకపోయింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ 1954 నాటికి తమ అసెంబ్లీ కర్మాగారాలు మూసివేశాయి. ఇక మనకు మిగిలినవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. విదేశీ బండి చేతిలో ఉన్నవాడు దానినే బాగుచేసుకుంటూ బ్రతికించుకోవాలి.

అది అంత తేలిక కాదు. ఈ 1250 సి.సి. ఇంజను మూలాలు కోవెంట్రీలోని ఒక ఫ్రెంచి కంపెనీ కర్మాగారంలో ఉన్నాయి. అందుచేత బోల్టు మర మెట్రిక్, దాని తలకు పట్టే స్పానరు మాత్రం ఇంగ్లీషు విట్‌వర్త్ కొలత! బజారు బోల్టు పట్టదు. మా మిత్రుడు నాచారం లేత్ షాపులలో ఒక్కొక్కటే మర కోయించేవాడు. పాడైన పాత బోల్టును సైతం పారవేయక, చీటీ కట్టి బిస్కట్ డబ్బాలో దాచేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం.

అమ్మకానికి ముగ్గురు వచ్చారు. మొదటివాడు బ్రోకరు, ఇనుము లెక్క కట్టాడు. రెండవవాడు కొత్త రంగు వేయిస్తే ధర పెరుగుతుందన్నాడు. అబ్బాయి దాదాపు ఒప్పుకున్నాడు కూడా. మూడవ ఆయన రంగు సంగతే ఎత్తలేదు. ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు ఆర్.సి. పుస్తకంతో సరిచూసి, డబ్బా మూత తీసి చాలాసేపు చూశాడు. "దీనిమీద చెయ్యి వేయకండి" అన్నాడు. చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూసినవారికి ఆ మాట అర్థమవుతుంది. ఆరవ నిజాం కోరి చేయించుకున్న ఆ 1912 నాటి కారు నాలుగు వందల మైళ్ళయినా తిరగలేదని చెబుతారు.

చిక్కల్లా కాగితాల దగ్గరే వచ్చింది. ఆర్.సి. ఇంకా ఆయన పేరుననే ఉంది. యజమాని పోతే ముప్పై రోజులలో తెలియజేసి, మూడు నెలలలో ఫారం 31 పెట్టాలి. దుఃఖంలో ఎవరికి గుర్తుంటుంది? వారసత్వ సర్టిఫికెట్, జరిమానా, తిరుగుడు కలిసి ఐదు నెలలు పట్టింది. పింఛను కాగితాలు సర్దుకునేటప్పుడే ఇంటి బండి కాగితం కూడా అందులో చేర్చండి.

2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు మాకు కలిసివచ్చాయి. ఏభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండికి ఇవి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్టరు చేస్తే వి.ఎ. అక్షరాలతో నెంబరు, ఇరవై వేల రుసుము, పదేళ్ళ గడువు. ఇదివరకే నెంబరున్న బండికి పాతదే ఉంచుకోవచ్చు. అమ్మినవారూ కొన్నవారూ తొంభై రోజులలో తమ రవాణా అధికారులకు తెలుపుకోవాలి. అయితే అటువంటి బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో తప్ప రోజూ తిప్పరాదు.

ధర ఎంతో వ్రాయవద్దని వదినగారి ఆజ్ఞ. బండిని లారీ ఎక్కించిన రోజున కొన్నాయన మరచిపోకుండా అడిగి తీసుకున్నది ఆ బిస్కట్ డబ్బా. వదినగారు అందులోనుంచి ఒక్క బోల్టు తీసి, చీటీతో సహా దేవుడి గూట్లో పెట్టుకున్నారు.