పేరే నేరమైన చోట
(కుర్దుల చరిత్ర – 3వ భాగం)

2022 సెప్టెంబరులో ఇరాన్‌లో హిజాబ్ సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్లిన 22 ఏళ్ల అమ్మాయి ప్రాణాలతో తిరిగి రాలేదు. ప్రపంచం ఆమెను మహ్సా అమీనీ అంది. అది కాగితాల మీది పేరు. సొంతూరు సక్కెజ్‌లో ఆమె జీనా. అది కుర్దు పేరు.

ఒక మనిషికి రెండు పేర్లు ఎందుకు? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్దాం.

ఒట్టోమన్ సామ్రాజ్యం ఓడిపోయాక, 1920 సెవ్ర్ ఒప్పందం కుర్దులకు స్వయంపాలన, ఆపైన స్వాతంత్ర్యం కోరుకునే వీలు రాసిచ్చింది. మూడేళ్లకే 1923 లొసాన్ ఒప్పందం వచ్చింది. అందులో కుర్దు అన్న మాటే లేదు. ఇరాన్ కింద ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోయారు. మిగిలినవాళ్లు టర్కీ, ఇరాక్, సిరియాల మధ్య చీలిపోయారు.

టర్కీ పాలకులు వాళ్లను 'కొండ టర్కులు' అన్నారు. 1983లో ఒక చట్టం తెచ్చారు. దాంట్లో ఎంత వెతికినా కుర్దు భాష పేరు కనబడదు. టర్కీ గుర్తించిన దేశాల మొదటి అధికార భాషలు తప్ప వేరే భాషలో ప్రచురణలు కూడదని రాశారు. అప్పట్లో ఇరాక్‌లో కుర్దు భాషది అరబ్బీ తర్వాతి స్థానం. దెబ్బ ఎవరి మీదో అర్థమైందిగా? పేరెత్తకుండానే నోరు నొక్కారు.

1991లో ఆ చట్టం రద్దయింది. అదే ఏడాది పార్లమెంటుకు గెలిచిన లైలా జానా టర్కిష్‌లో ప్రమాణం చేసి, చివర రెండు ప్రజల సోదరభావం గురించి కుర్దులో ఒక్క వాక్యం అన్నారు. సభ భగ్గుమంది. 1994లో సాయుధ సంస్థతో సంబంధం అంటగట్టి శిక్ష వేశారు. పదేళ్లు జైల్లో గడిపారు.

సిరియాలో తుపాకీ కూడా అక్కర్లేకపోయింది. 1962లో హసకా రాష్ట్రంలో ఒక్కరోజు జనాభా లెక్కలు తీసి, దాదాపు 1,20,000 మంది కుర్దుల పౌరసత్వం తీసేశారు.

మరి జాతి ఎలా మిగిలింది? గొంతులో మిగిలింది. వాయిద్యం లేకుండా గంటల తరబడి చరిత్రను పాడే దెంగ్‌బేజ్ గాయకులున్నారు. 1955 నుంచి సోవియట్ ఆర్మేనియాలోని యెరెవాన్ రేడియో కుర్దు పాటలు వినిపించింది. సరిహద్దు ఇవతల టర్కీలో తలుపులు వేసుకుని విన్నారు.

2017లో ఇరాక్ కుర్దుల్లో ఓటేసినవారిలో 92 శాతానికి పైగా స్వాతంత్ర్యం కోరారు. నెల తిరగకుండానే ఇరాక్ సైన్యం కిర్కుక్‌ను తీసుకుంది. ఓట్లు లెక్కపెట్టారు గానీ లెక్కచేయలేదు.

జీనా అంత్యక్రియల్లో సక్కెజ్ ఆడవాళ్లు 'జిన్, జియాన్, ఆజాదీ' అన్నారు. స్త్రీ, బతుకు, స్వేచ్ఛ. కుర్దు మహిళా ఉద్యమంలో పుట్టిన ఈ నినాదం ప్రపంచమంతా తిరిగింది. మనమూ అంటున్నాం. అనేటప్పుడు ఆ బిడ్డను జీనా అనే పిలుద్దాం.

వచ్చే భాగంలో 1946 మహాబాద్ రిపబ్లిక్.