సముద్ర నేపథ్య డోలనాలు (సునామీ పరిశోధన)

సునామీ లేని రోజులలో కూడా సముద్రమట్టంలో నిరంతరం కలిగే హెచ్చుతగ్గులను నేపథ్య డోలనాలు అంటారు. ఆటుపోట్లు, గాలి అలలు, రేవులలోని నీటి ఊగిసలాట ఇందులోకి వస్తాయి. వీటిని ముందుగా అంచనా కట్టి తీసివేస్తే గాని చిన్న సునామీని గుర్తించుట కష్టము.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తీరాలను ముంచెత్తినను, నడిసముద్రంలో దాని ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లేనని జేసన్-1 ఉపగ్రహం కొలిచింది. చిన్న సునామీలు అక్కడ కొద్ది సెంటీమీటర్లకు మించవు. ఆటుపోట్లు వాటికి ఎన్నో రెట్లు ఉంటాయి.

ఆ తరువాత సముద్రం లేని హైదరాబాదులో, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ఆవరణలో, 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. సముద్రగర్భంలోని పీడనమాపకాల కొలతలు నీటిపై తేలే బోయాకు, అక్కడినుండి ఉపగ్రహం ద్వారా ఈ కేంద్రానికి చేరతాయి.

గాలి అలల ప్రభావం అంత లోతుకు చేరదు కనుక వడపోత పని కొంత సముద్రమే చేస్తుంది. మిగిలినది ప్రధానంగా ఆటుపోటు. చంద్రుని వలన కలిగే ముఖ్యమైన పోటు 12 గంటల 25 నిమిషాలకొకసారి వస్తుంది; సునామీ అలల మధ్య వ్యవధి కొన్ని నిమిషాల నుండి గంట, ఆపైన. అమెరికా సంస్థ నోవా డార్ట్ పద్ధతిలో గడచిన మూడు గంటల కొలతలను బట్టి రాబోయే విలువను లెక్కిస్తారు. అసలు కొలత దానినుండి ఉత్తర పసిఫిక్‌లో 3 సెంటీమీటర్లకు మించి తేడా చూపితే పరికరం అప్రమత్తమవుతుంది. ఈ హద్దును తగ్గిస్తే తప్పుడు హెచ్చరికలు పెరిగి ప్రజలకు నమ్మకం పోవచ్చు. పెంచితే అసలు సునామీయే తప్పిపోవచ్చు.

రేవులలో చిక్కు మరింత ఎక్కువ. తొట్టిలో నీరు ఊగినట్లు ప్రతి రేవుకు సొంత ఊపు ఉంటుంది; అది సునామీ వ్యవధితో కలిసిపోవచ్చు. అందుచేత పరిశోధకులు ఒక్కొక్క రేవులో ప్రశాంతమైన రోజుల కొలతలను కూడా భద్రపరచి, సునామీనాటి కొలతలతో పోల్చి చూస్తారు.