గ్యాలన్ తెచ్చిన తగువు

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మా పెద్దమ్మాయీ, మా మరిదీ కార్ల మీద పడ్డారు. ఇది డల్లాస్‌లో, ఆయన లండన్ దగ్గర. "బాబాయ్, నా కారు గ్యాలన్‌కి 30 మైళ్లు ఇస్తోంది" అంది. "నాది 36 తల్లీ! మీ అమెరికా కార్లు పెట్రోలు తాగే బకాసురులు" అన్నాడు మరిది. పిల్ల మొహం చిన్నబోయింది. రెండోవాడు పుట్టాక అప్పు చేసి కొనుక్కున్న బండి మరి!

నాకు మనసొప్పక కూర్చుని చూశాను. తీరా చూస్తే అసలు తిరకాసు గ్యాలన్‌లోనే ఉంది. అమెరికా వాళ్లది ఇంగ్లండులో పూర్వం సారా కొలిచిన పాత గ్యాలన్, 3.785 లీటర్లు. ఇంగ్లండు 1824లో కొలత మార్చుకుని 4.546 లీటర్లు చేసుకుంది. కొలపాత్రే పెద్దదైతే మైళ్లు ఎక్కువ రావూ? ఇద్దరి కార్లూ లీటరుకి పన్నెండున్నర పైచిలుకే!

అలాగని మరిది మాట పూర్తిగా తప్పని కాదు. అమెరికాకి టెక్సాస్ లాంటి చోట్ల సొంత చమురుంది, పెట్రోలు చవక, రోడ్లు విశాలం. యూరప్‌లో పెట్రోలు మీద పన్ను బాదుడు. అప్పట్లో ఫ్రాన్స్, ఇటలీలలో ఇంజన్ పెద్దదైతే కారు పన్నూ ఎక్కువే ఉండేది. అందుకే 1957 నాటి చిన్న ఫియట్ 500 ఇంజన్ 479 సీసీ మాత్రమే! 1956లో సూయజ్ గొడవతో పెట్రోలుకి కటకట వచ్చాకే ఇసిగోనిస్ అనే ఆయన మినీ కారు గీశాడు. 1959లో అది రోడ్డెక్కింది. పెట్రోలు పొదుపు వాళ్లకి సరదా కాదు, ఇల్లు గడిచే లెక్క.

అమెరికాకి ఆ సెగ 1973లో తగిలింది, అరబ్బు దేశాలు చమురు ఆపేసినప్పుడు. బంకుల దగ్గర బారులు. అప్పట్లో వాళ్ల కొత్త కార్లు సగటున లీటరుకి ఆరు కిలోమీటర్లు కూడా ఇచ్చేవి కావు. 1975లో చట్టం చేసి, పదేళ్లలో కొత్త కార్ల సగటు గ్యాలన్‌కి 27.5 మైళ్లకు చేరాలన్నారు.

కానీ చట్టంలో సందు ఉండనే ఉంది. చిన్న ట్రక్కులకు లెక్క సడలించారు. తర్వాత వచ్చిన వ్యానులు, ఎస్‌యూవీలు చాలావరకు ఆ ట్రక్కుల ఖాతాలోనే దూరాయి. మా అమ్మాయి బండీ ఆ బాపతే. ఆ సంగతి మాత్రం మరిదికి చెప్పలేదు.

గ్యాలన్ లెక్క ఒక్కటే వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.