రాయ్‌పూర్ మెట్రో: దుర్గ్ వైపా, నవా రాయ్‌పూర్ వైపా?

రాయ్‌పూర్‌లో మెట్రో ఇంకా లేదు. అది ఎటు వెళ్లాలన్న చర్చ మాత్రం మొదలైంది. 2024లో అప్పటి మేయర్ ఎజాజ్ ఢేబర్ లైట్ మెట్రో కోసం మాస్కోలో అవగాహన ఒప్పందం చేసుకొచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తన ప్రాజెక్టుగా ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఆ ప్రభుత్వమే రాయ్‌పూర్-దుర్గ్ మెట్రో సర్వేకు రూ.5 కోట్లు కేటాయించింది.

పశ్చిమాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో దుర్గ్, దానికి ముందే ఉక్కు నగరం భిలాయి. తెలుగు కుటుంబాలూ తరాలుగా ఉన్న ఊరది. దారి పొడవునా జనం ఉన్నారు. అయితే హౌరా-ముంబై రైలు మార్గం కూడా ఇదే దారిలో ఉంది. లోకల్ రైళ్లు పెంచితే సరిపోదా అన్న ప్రశ్నకు సర్వే జవాబు చెప్పాల్సి ఉంటుంది.

ఆగ్నేయాన నవా రాయ్‌పూర్. సచివాలయం అక్కడే, విమానాశ్రయం ఆ దారిలోనే. రోడ్లు విశాలం, జనం పలుచన. 2025 మార్చి 30న రాయ్‌పూర్-అభన్‌పూర్ మెము రైలు మొదలయ్యాక ఇటువైపు మెట్రో వాదన ఇంకా బలహీనపడిందనే చెప్పాలి.

హైదరాబాద్‌లోనూ ఇదే పేచీ. రాయదుర్గం-శంషాబాద్ విమానాశ్రయం మార్గానికి (31 కి.మీ.) 2022 డిసెంబరులో కేసీఆర్ శంకుస్థాపన చేశారు. రేవంత్ రెడ్డి ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా 36.8 కి.మీ. మార్గం ప్రతిపాదించింది. దూరం పెరిగినా బస్సులెక్కే జనం ఉన్న ప్రాంతాలను కలుపుతుందన్నది వాదన.

కేంద్ర సాయం కావాలంటే మెట్రోను బస్సు వంటి ప్రత్యామ్నాయాలతో ముందుగా పోల్చి చూపాలని 2017 మెట్రో విధానం అడుగుతుంది.